గాజు అవతల కోడలు

గాజు వెలుతురును పోనిస్తుంది, మాటను మాత్రం ఆపేస్తుంది. ఫిజిక్సు మాస్టారిగా పనిచేసినన్నాళ్ళూ ఈ ముక్క పిల్లలకు చెబుతూనే ఉన్నాను గాని, అది మనిషిని ఇంతగా ఇబ్బంది పెట్టే సత్యమని ఈ ఉదయం దాకా నాకు తోచలేదు. అవతలి గదిలో నా కోడలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. ఇవతలి హాల్లో, గోడవారగా వేసిన బూడిదరంగు సోఫాలో నేను. నా మోకాళ్ళ ముందు పాప బండి, బండిలో నిద్రపోతున్న మనవరాలు. ఇది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఏ మెకానిక్కు ఏ లిఫ్టు దగ్గరికి ఏ వరుసలో వెళ్ళాలో నిర్ణయించే సూపర్‌వైజరు ఉద్యోగానికి ఆమెను పిలిచారు. మాటల ఇంటర్వ్యూ కిందటి వారమే అయింది. ఇవాళ జరుగుతున్నది చేతల ఇంటర్వ్యూ, గంటసేపు ఆ కుర్చీలో కూర్చుని నిజం ఫోన్లు నిజంగా తీసుకోవాలి. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏమంటోందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా వచ్చేటప్పుడు బస్సులో అన్న మాట ఒకటే. "ఇదే ఆఖరుది మామయ్యా. ఇది రాకపోతే ఆ షాపులోనే ఉండిపోతాను. మళ్ళీ వెతకమని మీరూ అడగొద్దు, మీ అబ్బాయీ అడగొద్దు." కోపంగా అన్నా బాగుండేది. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది.

నన్ను రోడ్డవతలి బస్ షెల్టర్లో కూర్చోమంది. లోపలికి రావద్దనీ, ఒకవేళ వచ్చినా తనను ఎరగనట్టే ఉండాలనీ ఒట్టు వేయించుకున్నంత పని చేసింది. ఒట్ల మీద నాకు నమ్మకం లేదని తెలుసు గనక మాట తీసుకుని వదిలింది. మావాళ్ళలో ఒకరు పరీక్ష రాస్తుంటే ఇంటిల్లిపాదీ గేటు బయట కాపలా కాస్తారు. మేం వచ్చి ఉంటున్న ఈ పరాయి దేశంలో అలా వెంటబడి వస్తే ఆ మనిషికి ఒంటరిగా రోడ్డు దాటడం రాదేమోనని అనుకుంటారట. అదొకటి. ఇంకొకటి పాప. ఇంతకుముందు వేరే కంపెనీలో, ఇంట్లో చంటిపిల్ల ఉందని ఈవిడ తనంతట తానే చెప్పింది. చెప్పగానే అవతలి ముఖాలు నిమ్మరసం పడ్డ పాలలా అయ్యాయట, ఆ పైన అడిగిన ప్రశ్నలన్నీ మర్యాద కోసమే అడిగారట. అందుకని ఈ గంటసేపు నేనెవరినో, పాప ఎవరిదో. అయితే మా ఒప్పందంలో వాన లేదు. గాలి తిరిగి జల్లు షెల్టర్లోకి ఏటవాలుగా కొట్టడం మొదలయ్యేసరికి, ఈ హాలు ముందు బల్ల దగ్గర కూర్చునే ఎర్ర స్వెటరు ఆవిడ బయటికి వచ్చి, రమ్మని చెయ్యి ఊపి, మేం దాటేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. ఎవరి కోసం వచ్చారని అడిగింది. వాన తగ్గడం కోసమన్నాను. అబద్ధం కాదు, ఉన్న నిజంలోంచి చిన్న నమూనా తీసి చూపించాను.

నమూనాతో తృప్తిపడి ఆవిడ కాఫీ తెచ్చి ఇచ్చింది. తాగుతూ ఊరుకుని ఉండవచ్చు కదా, ఊరుకోలేను. గాజు అవతల గోడ నిండా చిన్నచిన్న దీపాలున్న బోర్డు ఒకటి కనిపిస్తుంటే, ఏ దీపానికి ఏమర్థమని అడిగాను. పోయిన మా ఆవిడ ఉంటే, పెళ్ళికి వెళ్ళినా భోజనం సంగతి వదిలేసి జనరేటర్ చూడటానికి పోతారు అని దెప్పేది. ఎర్ర స్వెటరు ఆవిడ మాత్రం ఇన్నాళ్ళకు ఎవరో అడిగారన్నట్టు సంతోషపడి, దీపానికొక లిఫ్టు అని వివరించింది. పచ్చగా ఉంటే నడుస్తున్నట్టు, పసుపైతే ఏదో ఫిర్యాదు వచ్చినట్టు, ఎర్రగా వెలిగితే లోపల మనిషి ఇరుక్కుని గంట నొక్కినట్టు. ఇవాళ ఎర్రవి లేవు, మంచి రోజు, అంది. మంచి రోజుల మీదా నాకు నమ్మకం లేదు. అయినా బోర్డు ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకసారి చూసి, లేవని రూఢి చేసుకున్నాను.

వరుసలు నిర్ణయించే ఉద్యోగం. ఇది ఆమె కోసమే పుట్టిన ఉద్యోగమని నేను అంటే అభిమానం కొద్దీ అన్నానని కొట్టిపారేస్తారు, కాని నా దగ్గర ఆధారం ఉంది. పెళ్ళికి ముందు మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, బిజినెస్ మేనేజ్‌మెంట్ చదివానని ఆ పిల్ల చెప్పగానే, దానికి ప్రయోగశాల ఉంటుందా అమ్మా అని అడిగాను. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది. ఆ చదువు మీద అప్పట్లో నాకు గౌరవం తక్కువ. నాలుగు గళ్ళు గీసి, గడికొక పేరు పెట్టి, బాణం గుర్తులు వేస్తే సిద్ధాంతం అయిపోతుందా అనుకునేవాణ్ణి. ఆ పిల్ల తడుముకోకుండా, మీ ఇల్లే ప్రయోగశాల అనుకోండి మామయ్యగారూ అంది. అన్నంత పనీ చేసింది. మా ఇంట్లో స్నానాలగది ఒకటే, పొద్దున్నే బయటపడవలసిన వాళ్ళం అందరం. పెద్దరికం చొప్పున ముందు నేను వెళ్ళేవాణ్ణి. గడ్డం గీసుకుంటూ నేను విశ్వం గురించి ఆలోచిస్తూ ఉంటే, తువ్వాళ్ళు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళు నా గురించి ఆలోచిస్తూ ఉండేవాళ్ళు. కొత్త కోడలు నాలుగు రోజులు చూసి, త్వరగా తేలేవాళ్ళు ముందు, తాపీ మనుషులు వెనక అని వరుస మార్చింది. గుమ్మంలో నిలబడే కాలం నిజంగానే తగ్గింది. నేను స్వయంగా గడియారం పెట్టి చూశాను, నా కళ్ళను నేను అంత సులువుగా నమ్మను. ఆ తరువాత బంధువులు దిగారు. వచ్చినవాళ్ళంతా చురుకైనవాళ్ళే కావడంతో ప్రతివాడూ నాకంటే ముందుకు వెళ్ళిపోయి, నా స్నానం మధ్యాహ్నానికి జరిగింది. నీ సిద్ధాంతంలో లోపముందమ్మా, తొందరవాళ్ళు వస్తూనే ఉంటే తాపీవాడికి ఈ జన్మలో నీళ్ళు దొరకవు అన్నాను. ఇంకొకరైతే ముసలాయన చాదస్తమనుకునేవారు. ఆమె ఆ పూటంతా ఆలోచించి, ఎంత తాపీ మనిషైనా సరే, ఇద్దరు దాటిపోయాక మూడోవాణ్ణి దాటనివ్వకూడదని ఒక సవరణ తెచ్చింది. తప్పు చూపిస్తే దిద్దుకునేదే శాస్త్రం. ఆ రోజునుంచీ మేనేజ్‌మెంట్‌ను నేను శాస్త్రాల్లో కలిపేశాను. కలిపిన సంగతి మా అబ్బాయికి చెబితే, మీరు కలిపితే సరిపోదు నాన్నా, ఉద్యోగాలిచ్చేవాళ్ళు కలపాలి అన్నాడు. వాడికి నోటి దురుసు వాళ్ళమ్మ పోలిక.

అవతలి గది తలుపు తోసుకుని ఒక పొడుగాయన వచ్చాడు. బట్టతల, మెడలో కార్డు, చేతిలో కప్పు. కోడలు చెప్పిన ఆనవాళ్ళన్నీ సరిపోయాయి, ఈయనే పెద్ద. ఆయన రాగానే కోడలు లేచి నిలబడింది. తలనుంచి బల్ల మీది పెట్టెదాకా వేలాడుతున్న హెడ్‌ఫోన్ల వైరు బిగిసి నిటారుగా లేచింది. ఆయన కూర్చోమన్నట్టు చెయ్యి ఆడించి ఎటో వెళ్ళాడు, ఆమె కూర్చుంది, వైరు వదులైంది. నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను.

ఆ లేవడం నాకు బాగా తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను గదిలోకి అడుగుపెడితే చాలు, చేతిలో అన్నం కంచం ఉన్నా లేచేది. పేపరు కోసం వస్తే లేచేది, పేపరు దొరకక వెళ్ళి, కళ్ళజోడు కోసం తిరిగి వస్తే మళ్ళీ లేచేది. నేను వచ్చినప్పుడల్లా లేవకమ్మా, నేను మనిషిని గాని జాతీయగీతాన్ని కాను అని చెప్పాను. నవ్వింది, నవ్వుతూనే లేచింది. ముసలి తాతగారి పెంపకంలో పెరిగిన పిల్ల, పెద్దవాళ్ళ అడుగు వినపడితే కాళ్ళు వాటంతట అవే లేస్తాయట, తన అనుమతి అడగవట. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగరడం లాంటిదే ఇదీ. మెదడు దాకా వార్త వెళ్ళకముందే జరిగిపోయేవాటిని ఉపదేశంతో మాన్పలేం. నా విషయంలో మాన్పడానికి చాలా కాలం పట్టింది, అదైనా నేను అడుగుల చప్పుడు కాకుండా నడవడం నేర్చుకోవడం వల్ల. పొడుగాయన చప్పుడు చేస్తూ నడిచేరకం. వైరు పొడుగు ఆమె కూర్చున్న ఎత్తుకు సరిపోతుంది, నిలబడ్డ ఎత్తుకు చాలదు. ఇందులో నమ్మకాల ప్రసక్తి లేదు, ఉత్త కొలతల వ్యవహారం. ఇంకో రెండు మూడుసార్లు లేస్తే వైరు చివరి పిన్ను పెట్టెలోంచి ఊడుతుంది. ల్యాబులో పిల్లవాడు తప్పు వైరు ముట్టుకోబోతుంటే గది అదిరేలా అరిచేవాణ్ణి. ఇక్కడ నేను ఆమెను ఎరగను, పైగా మధ్యలో గాజు.

పొడుగాయన మళ్ళీ వచ్చాడు, ఆమె మళ్ళీ లేచింది, పిన్ను ఊడలేదు. పాప నిద్రలో చప్పరించింది. ఈ బండిని కాలితో ముందుకూ వెనక్కూ ఆడించడం ఇప్పుడు నా ఉద్యోగం. ఈ దేశంలో నాకు పని త్వరగానే దొరికింది. అనుభవం ఎవరూ అడగలేదు. ఆమెను మాత్రం అందరూ అడిగారు. డిగ్రీ చూశారు, మార్కులు చూశారు, అక్కడ పైపుల ఫ్యాక్టరీలో లారీలన్నిటినీ ఒంటిచేత్తో నడిపించినట్టు ఆ ఫ్యాక్టరీవాళ్ళు రాసిచ్చింది చూశారు, అంతా చాలా బాగుందన్నారు, ఇక్కడి అనుభవం ఉందా అన్నారు. ఇక్కడ ఉద్యోగమిస్తేనే కదా ఇక్కడి అనుభవం వచ్చేది, గుడ్డు ముందా కోడి ముందా అంటే ఏం చెప్పను మామయ్యా అని మొదట్లో నవ్వుతూ అడిగేది. గుడ్డే ముందు, అందులో సందేహం లేదు, కోళ్ళు ఈ భూమ్మీదికి రావడానికి ఎన్నో యుగాల ముందే గుడ్లున్నాయి, చేపలు పెట్టాయి, బల్లులు పెట్టాయి అని నేను జవాబిచ్చేవాణ్ణి. అయితే నేను బల్లినన్నమాట అనేది. ఎవరో చెబితే డిగ్రీకి ఇక్కడి లెక్కలో విలువ కట్టించుకుంది. కట్టినవాళ్ళు దాన్ని ఒక మెట్టు కిందికి దించి చేతికిచ్చారు. ఇంకెవరో చెబితే చదువు సగం దాచి దరఖాస్తు పెట్టింది. ఆ సగానికి దొరికిందే ఆ షాపు, పొద్దుటిపూట అరల్లో డబ్బాలు సర్దే పని. తప్పేమీ లేదు, డబ్బాలు సర్దడం గౌరవమైన పనే. అక్కడా ఊరుకోకుండా, ఏ అరలో ఏది పెడితే ముసలివాళ్ళు వంగే అవసరం ఉండదో ఒక పథకం వేసి మేనేజరుకు చూపించిందట. ఆయన, అలా ఆలోచించడానికి హెడ్డాఫీసులో వేరే మనుషులున్నారమ్మా అన్నాడట. ఆ వేళ ఇంటికి వచ్చి గిన్నెలు కడుగుతూ చెప్పింది. నవ్వొస్తుందేమోనని ఎదురుచూశాను, రాలేదు.

ఇంటర్వ్యూలు చాలావరకు కంప్యూటరులోనే జరిగేవి. పైన కోటు, కింద ఇంట్లో వేసుకునే పైజామా. తెరకు కనబడేంతవరకే అధికారిణి. ఆ కాసేపు పాప ఏడుపు వినపడకుండా నేను పిల్లను ఎత్తుకుని స్నానాలగదిలో దూరి కుళాయి తిప్పేవాణ్ణి. నీళ్ళ చప్పుడుకు పాప ఊరుకునేది. గర్భంలో విన్న చప్పుడు అలాంటిదే ఉంటుంది, ఇందులో వింతేమీ లేదు. నీళ్ళ బిల్లు చూసి మా అబ్బాయి, నాన్నా, ఇది ఉద్యోగం వేటా, చెరువు తవ్వకమా అన్నాడు. కుళాయి కట్టేసి బయటికి వచ్చేసరికి ఆమె కోటు విప్పి మడతపెడుతూ ఉండేది. ఏమన్నారని మొదట్లో అడిగేవాణ్ణి. కోటు మడతపెట్టే తీరులో జవాబు కనిపిస్తోందని గ్రహించాక మానేశాను. ఉద్యోగం రాకపోవడం నన్ను అంతగా బాధించలేదు, ఉద్యోగాలు వస్తాయి పోతాయి. ఆమె నా తప్పులు పట్టడం మానేసింది. నేను వార్తలు చూసి ఏదో మూఢంగా తీర్పు చెబితే, అలాగే మామయ్యా అనడం మొదలుపెట్టింది. కావాలని ఒకసారి భూమి బల్లపరుపుగా ఉందేమో అన్నాను. ఉండొచ్చు మామయ్యా అంది. ఆ రాత్రి మా అబ్బాయితో, ఈ లిఫ్టుల కంపెనీకి కూడా రాయమని చెప్పరా, నేను చెబితే అలాగే అంటుంది గాని రాయదు, అన్నాను.

బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది.

పైవరుసలో, కుడిచివర, మినుకుమినుకుమంటూ. ఎర్ర స్వెటరు ఆవిడ కూడా తలెత్తి చూసింది. ఎక్కడో ఒక ఇనుపగదిలో ఒక మనిషి గంట నొక్కాడు, ఆ గంట నా కోడలి చెవిలో మోగుతోంది. ఆమె నడుం నిటారుగా అయింది. దీనికోసమే కదా కిందటివారమంతా వంటింటి బల్ల దగ్గర ఇద్దరం కూర్చుని సాధన చేశాం. ఇరుక్కున్నవాణ్ణి నేను, సూపర్‌వైజరు ఆమె. లిఫ్టు ఎలా పనిచేస్తుందో బొమ్మ వేసి చెప్పాను. తాళ్ళు ఒకటి కాదు, చాలా ఉంటాయి. అన్నీ తెగినా వేగం హద్దు దాటగానే రెండు వైపులా దవడల్లాంటివి పట్టాలను కరుచుకుంటాయి. కిందికి పడటమనేది దాదాపు జరగని పని, ఈ మాట చెబితే ఎవరికైనా ధైర్యం వస్తుంది అన్నాను. భయపడ్డవాళ్ళకి ఫిజిక్సు ఎక్కుతుందా మామయ్యా అని అడిగింది. సత్యం ఎవరికైనా ఎక్కుతుందన్నాను. ఇప్పుడు ఆమె పెదవులు చకచకా కదులుతున్నాయి. దవడల దాకా వచ్చిందనుకుంటాను. కనుబొమలు ముడిపడ్డాయి. సరిగ్గా అప్పుడు, గోడకున్న ఎర్రదీపం తనకూ కనిపించిందేమో, పొడుగాయన తలుపు తోసుకుని గబగబా వచ్చాడు. వద్దమ్మా, అనుకున్నాను, పైకే అన్నానేమో కూడా. ఆమె లేచింది. వైరు బిగిసింది. పిన్ను ఊడి, వచ్చిన వేగానికి బల్ల అంచు దాటి గాల్లో ఊగులాడింది.

మనిషి ముఖంలోంచి నెత్తురు వెళ్ళిపోవడం గాజులోంచి కూడా కనిపిస్తుంది. ఆమె చేతులు చెవుల దగ్గరికి వెళ్ళాయి, అక్కడ మాట లేదు. అవతల, ఎక్కడో, ఒక మనిషి తనతో మాట్లాడుతున్న గొంతు హఠాత్తుగా చచ్చిపోవడం విన్నాడు. నేనేమో ఇక్కడ కూర్చుని అయిపోయింది, ఉద్యోగం పోయింది అనుకుంటున్నాను. ముందు ఆ మనిషి గురించి అనుకోవాలి కదా. స్వార్థం వరుసలో ముందు నిలబడుతుంది, ఏ సవరణా దాన్ని వెనక్కి పంపలేదు. పొడుగాయన బల్ల మీది పెట్టెకేసి చూస్తున్నాడు. ఆమె కూర్చుంది, వైరు పట్టుకుని లాగి పిన్ను అందుకుంది, ఒక రంధ్రంలో పెట్టింది, అది కాదు, పక్కదానిలో పెట్టింది, ఏదో మీట నొక్కింది. దీపం ఇంకా ఎర్రగానే ఉంది. మళ్ళీ నొక్కింది. లిఫ్టులోని మనిషికి ఇక్కడినుంచి ఫోను చేసే దారి ఉందో లేదో నాకు తెలియదు, మేం సాధన చేసినవాటిలో ఇది లేదు. పాప లేచింది.

ముందు ఒక కాలు, తరువాత మూతి, ఆపైన మొత్తం పిల్ల. ఇక్కడ కుళాయి లేదు. ఎత్తుకుని భుజాన వేసుకుని, గాజుకు వీపు తిప్పి నిలబడ్డాను, తల్లి కనబడితే చేతులు చాస్తుందని. నేను వీపు తిప్పితే భుజం మీద పిల్ల ముఖం అటే తిరుగుతుందన్న చిన్న జ్యామితి ఆ క్షణంలో నాకు తట్టలేదు. అమ్మను చూసింది. రెండు చేతులూ చాచి, ఒళ్ళంతా ముందుకు వేసి, అరిచింది. గిరుక్కున తిరిగేసరికి గాజు అవతలినుంచి కోడలు మమ్మల్నే చూస్తోంది. రెప్ప వేసి తెరిచేంతసేపు. తరువాత చూపు తెర మీదికి మళ్ళింది, పెదవులు కదలడం మొదలైంది; అంటే అవతల గొంతు దొరికింది. ఎర్ర స్వెటరు ఆవిడ పాపను చూసింది, గాజును చూసింది, మళ్ళీ పాప ముక్కు చూసింది; వాళ్ళమ్మ ముక్కే, అచ్చు గుద్దినట్టు. పట్టుబడ్డాననుకున్నాను. ఆవిడ లేచి వచ్చి, బండి వెనక సంచిలోంచి పాలసీసా తీసి నా చేతికిచ్చి, తగ్గు గొంతుతో, వాన ఎప్పుడో ఆగిపోయింది గాని మీరు కూర్చోండి, అంది.

పాప పాలు తాగుతోంది. నేను అవతలి గదిని చూస్తున్నాను. వెళ్ళిన పొడుగాయన తిరిగి వచ్చాడు, వెంట ఇంకో ఉద్యోగిని తీసుకొచ్చి, చేతి గడియారం వేలితో తట్టి చూపించాడు. గంట అయిపోయింది, ఇక లేవండి, మిగతాది ఈయన చూసుకుంటాడు అని కాబోలు. ఆయన అడుగుల చప్పుడు నాకు వినపడకపోయినా ఆమెకు వినపడి ఉంటుంది. ఆయన పక్కనే నిలబడ్డాడు. నేను ఆమె మోకాళ్ళకేసి చూస్తున్నాను. అవి కదల్లేదు. ఆమె తల కూడా తిప్పలేదు. ఎడమచెయ్యి మాత్రం పైకెత్తి, అరచెయ్యి ఆయనకేసి తిప్పి, అలాగే గాల్లో ఉంచింది. మా ఇంట్లో పాలు పొంగబోతున్నప్పుడు మాట్లాడించినవాళ్ళకు దొరికే చెయ్యి అది. కుడిచేత్తో ఏదో రాసుకుంటోంది, ఎవరికో పంపుతోంది, మాట ఆపడం లేదు. పొడుగాయన ఆ అరచేతిని చూస్తూ కొంచెంసేపు నిలబడి, రెండో ఉద్యోగిని వెళ్ళిపొమ్మని సైగ చేసి, తనే ఒక కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. అప్పుడు ఆమె నవ్వింది. పెదవులతో నవ్వడం కాదు, భుజాలు కదిలేలా. ఆ నవ్వు నేను చూసి ఎన్నాళ్ళయిందో. ఇరుక్కున్న మనిషితో మాట్లాడుతూ ఎవరైనా నవ్వుతారా? కారణం తెలియని ఫలితం ఎదురైనప్పుడు కంగారుపడకూడదు, పరిశీలిస్తూ ఉండాలి. ఆమె ఇంకోసారి నవ్వింది. పక్కనున్నాయన కూడా, ఎందుకో, మూతి దాచుకున్నాడు. దీపం ఎర్రదనం పోయి పసుపైంది, కాసేపటికి పచ్చబడింది.

ఆ తరువాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. ఆమె వైరు చివరి పిన్ను పట్టుకుని ఆయనకు చూపిస్తోంది, తనను చూపించుకుంటోంది, కుర్చీని చూపిస్తోంది. లైను తెగింది తన వల్లేనని చెప్పేస్తోంది. చెప్పకమ్మా, అనుకున్నాను. యంత్రాలు చెడిపోతుంటాయి, వైర్లు ఊడుతుంటాయి, ఎవరడిగారు నిన్ను? బతుకంతా నిజమే చెప్పండిరా అని పిల్లల ప్రాణం తీసినవాణ్ణి, ఈ ఒక్క నిజం గాజు అవతలే ఉండిపోతే బాగుండునని కోరుకున్నాను. పాప సీసా వదిలి తేన్చింది.

తలుపు తెరుచుకుంది. ఒప్పందం ఇంకా అమలులోనే ఉందనుకుని నేను కిటికీలోంచి వానను చూస్తున్నట్టు కూర్చున్నాను, లేని వానను. ఆమె తిన్నగా వచ్చి నా పక్కన కూలబడి, చెప్పులు కాళ్ళతోనే విప్పేసి, పాపను నా చేతుల్లోంచి లాక్కుంది.

"ఆయన బయటికి వచ్చేశారు మామయ్యా."

పెద్దాయనట, ఒక్కరే, బజారు సంచితో ఇరుక్కుపోయారట. ముందు మేం సాధన చేసిందే చెప్పిందట.

"తాళ్ళు తెగినా లిఫ్టు పడదండీ అన్నాను. తాళ్ళు తెగాయా అని ఆయన ఏడుపు లంకించుకున్నారు. అంతలో లైను పోయింది. మీ ఫిజిక్సుతో ఓ ప్రాణం పోయేది ఇవాళ."

"మరి తరవాత ఏం చెప్పావు?"

"ఏం చెప్పలేదు. సంచిలో ఏముందని అడిగాను. మనవడికి ఐస్‌క్రీమట, కరిగిపోతోందట. మెకానిక్ దారిలో ఉన్నాడు, ఈలోపల మీరు తినేయండి అన్నాను. చెంచా లేదన్నారు. మూత మడిచి దాంతో తినమన్నాను. సగం అయ్యేసరికి తలుపు తీశారు. సగంలో తీశారేంటని ఆయనకి కోపం."

నవ్వాను గాని ఆమె అసలు సంగతి చెప్పడం లేదు, ఏమన్నారని అడగడం నేను ఎప్పుడో మానేశాను. పాప వేళ్ళు ఒక్కొక్కటే లాగుతూ ఆమే అంది, "పిన్ను సంగతి చెప్పేశాను. చూశానన్నారు. ఎందుకు లేచావని అడిగారు. మీరు పెద్దవారు కదా అన్నాను. ఆయన నాకంటే చిన్నట మామయ్యా. జుట్టు ఊడిందంతే."

"అదీ చెప్పాడా?"

"అదీ చెప్పారు, సోమవారం నించి వచ్చి కూర్చోమనీ చెప్పారు. కూర్చోమన్న మాట రెండుసార్లు అన్నారు. సూపర్‌వైజరుగానే. అప్పుడు చెప్పాను, పాప ఉంది, సాయంత్రం డ్యూటీలు వేస్తే కుదరదు అని. ఉద్యోగం ఇచ్చాకే చెప్పాను, మీరు అనుకునేంత అమాయకురాల్ని కాదు."

నేను అనడానికి ఏర్పాటు చేసుకున్న మాటలన్నీ రెండో ఫలితం కోసం సిద్ధం చేసినవి, ఇప్పుడు పనికిరావు. ఎర్ర స్వెటరు ఆవిడ తన బల్ల దగ్గరినుంచి తెలిసిన వార్తే విన్నట్టు తల ఊపింది. ఆమె చెప్పులు వేసుకుంది, పాపను బండిలో కూర్చోబెట్టి బిగించింది, బయట తడి రోడ్డు మీద ఎండ పడి కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. తడి నేలమీద కిరణం పరావర్తనం చెందడం గురించి ఏదో మొదలుపెట్టాను. ఆమె అప్పటికే ఫోనులో మా అబ్బాయితో మాట్లాడుతోంది, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, రెండు చేతులా బండి తోస్తూ. బోర్డు మీద దీపాల వరుసే తప్పనీ, దగ్గరున్న మెకానిక్కును కాకుండా వంతు ప్రకారం పంపుతున్నారనీ, మొదటి వారంలోనే మార్పించాలనీ. ఇన్నాళ్ళూ నా పక్కన నా అడుగులకు సరిపెట్టుకుంటూ నెమ్మదిగా నడిచేది, అది నా వయసు మీద గౌరవమనుకునేవాణ్ణి. ఇప్పుడు గబగబా నడుస్తోంది. మొదటి మలుపు దగ్గరే నేను బాగా వెనకబడ్డాను. ఆమె చూసుకోలేదు, బండి చక్రాలు నీటిగుంటల్ని చీల్చుకుంటూ పోతున్నాయి, పాప ఎందుకో కేరింతలు కొడుతోంది. ఆగమ్మా అని ఒక్క కేక వేస్తే ఆగుతుంది. నేను కేక వేయలేదు.